రోజుకొక్క బిళ్ల

మొన్న రక్తపోటు చూపించుకోవడానికి వెళితే, మా అబ్బాయి వయసున్న డాక్టరుగారు పాత చీటీ కొట్టేసి, ఇకమీదట మూడు పూటలా గుర్తుపెట్టుకునే బెడద లేకుండా రోజుకొక్క బిళ్ల చాలునని రాసిచ్చారు. సంతోషించాల్సిన మాటే గానీ, ఆ అట్టపెట్టె పట్టుకుని మందుల కొట్టు మెట్ల మీద కాసేపు కూలబడిపోయాను. ఈ మధ్య ప్రతిదానికీ కూలబడడం అలవాటైపోయిందనుకోండి.

తొంభైల్లో మా నాన్నగారికి అరకులో కిరాణా కొట్టుండేది. నేను విశాఖలో ఎం.ఫార్మసీ ముగించి, పరిశోధనకు ఏ అంశమూ దొరక్క, సెలవులకు వచ్చి కొట్లో కూర్చునేవాణ్ణి. శుక్రవారం సంతకు కొండ దిగి వచ్చి మా దగ్గర ఉప్పూ కిరసనాయిలూ కొనే ఆవిడ ఒకతె ఉండేది. ఆవిడ కూతురికి మూర్ఛ. భోజనమయ్యాక మూడు పూటలా వేయమని ఆస్పత్రిలో బిళ్లలిచ్చారు. ఒక వారం ఆ పిల్ల చేతికి కట్టుతో కనబడింది. మధ్యాహ్నం బిళ్ల తప్పిందట, పొయ్యి పక్కనే పడిపోయిందట. చదువుకున్నవాణ్ణి కదా, ఎందుకు తప్పించావని కసిరాను.

"మూడు పూట్లంటే ఎలాగ బావూ? మేం తినీదే రొండు పూట్లు. ఉత్త కడుపున ఏత్తే మా గుంటకి కళ్లు తిరిగిపోతన్నాయి" అంది, నా మీద కోపమేమీ లేకుండానే.

అలా దొరికింది నా అంశం. అదే మందును పొద్దున ఒక్కసారి వేసుకుంటే రోజంతా మెల్లమెల్లగా ఒంట్లోకి దిగేలా బిళ్ల చేయాలి. ఆ కొండల్లో తపసి చెట్లకు కారే బంక నీళ్లలో ఉబ్బి జిగురవుతుంది కాబట్టి, మందును అందులో కలిపి నొక్కితే బిళ్ల త్వరగా కరగదని విశాఖలో నా పరిశోధన చూసే గైడుగారి నమ్మకం. సంగతి చెబితే ఆవిడే బంక తెచ్చిపెడతానంది. ఆ మూటలు ఒళ్లో పెట్టుకుని, సొరంగాల్లోంచి ప్యాసింజరు బండిలో విశాఖకు ఎన్నిసార్లు దిగానో, మళ్లీ ఎన్నిసార్లు కొండెక్కానో.

ఎండాకాలం బంకతో చేసిన బిళ్ల మొండికేసి కరిగేది కాదు, వానాకాలం బంకది మధ్యాహ్నానికే చెదిరిపోయేది. గోరువెచ్చని నీటిలో తిరుగుతున్న బిళ్లను పొద్దుటి నుంచి కాపలా కాసి, గంటగంటకూ కాస్త నీరు తీసి పరీక్షిస్తూ, ఇవాళ నిలిచింది అనుకునేసరికి కరెంటు పోయి అంతా నీళ్లపాలయ్యేది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు బాగా తెలుసు. స్టైపెండు ఆగిపోయింది, తోటివాళ్లు కంపెనీల్లో చేరిపోయారు, నాన్నగారు మాట్లాడడం తగ్గించారు. ఆవిడ మాత్రం సంతలో కనబడ్డప్పుడల్లా "అయిపోనాదా బావూ?" అని అడిగేది. ఇంకా లేదనడానికి నోరు నొప్పెట్టేది.

చివరికి ఒక బిళ్ల తెల్లవార్లూ నిలిచింది. వైవా గట్టెక్కింది. పరీక్షకులుగారు భుజం తట్టారు. నల్ల అట్ట మీద బంగారు అక్షరాల థీసిస్ చంకన పెట్టుకుని, ఆ శుక్రవారం సంతలో ఆవిణ్ణి వెతుక్కుంటూ పోయి అయిపోయిందని చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. పైట కొంగు చేతుల్లోకి తీసుకుని దోసిలిలా చాపి, "మరి బిళ్లలేవి బావూ?" అంది.

గాజు పాత్రలో కరిగిన బిళ్ల మనిషి కడుపు దాకా చేరాలంటే ఇంకా ఎన్ని పరీక్షలు కావాలో, గైడుగారు రాసిన ఉత్తరాలకు ఏ కంపెనీ ఎందుకు జవాబివ్వలేదో, ఆ సంత మధ్యలో ఎలా చెప్పను? ఏదో నసిగాను. ఆవిడ కొంగు దులుపుకుని, "పోన్లే బావూ, నీ సదువైనా గట్టెక్కింది" అని నన్నే ఓదార్చి, కొంగుకొసన ముడివేసిన మధ్యాహ్నం బిళ్ల విప్పి కూతుర్ని కేకేసింది.

ఆ తర్వాత ఏళ్లకేళ్లు కాలేజీలో అదే పాఠం చెప్పి అలిసిపోయాను. ఇప్పుడు అలాంటి బిళ్లలు ప్రతి మందుల కొట్లోనూ దొరుకుతున్నాయి, అరకులో మా కొట్టున్న చోట కాఫీ హోటలు వెలిసిందట. ఆ పిల్లకు రోజుకొక్క బిళ్ల ఎవరైనా రాసిచ్చారో లేదో నాకు తెలియదు. మూడు పూటలా కడుపునిండా తినే నాకు మాత్రం రాసిచ్చారు.