మేరమ్మ పది వేళ్ళు

ఏటీఎం కార్డు పోగొట్టుకున్న మహానుభావుడిగా, ఈ రోజు మధ్యాహ్నం నంద్యాలలో వేలిముద్రతో డబ్బులిచ్చే కొట్టుకు వెళ్ళాను. నా ముందు మేరమ్మ అనే పెద్దావిడ నిలబడి ఉంది. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే పని ఆమెది. కూతురు కాన్పుకని ఇక్కడ పెద్దాసుపత్రిలో ఉంది, ఆమె చేతిలో ఖర్చులకు డబ్బుల్లేవు. పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. మిషన్ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

"గీతలు అరిగిపోయినాయమ్మా. పది దినాలు పని మానుకో, మళ్ళా వస్తాయి," అన్నాడు కొట్టు యజమాని.

"పని మానుకుంటే ఖాతాలోకి దుడ్లు యాడనుంచి వస్తాయప్పా? బ్యాంకోళ్ళేమో చిన్న మొత్తాలు ఈడనే తీసుకోమంటాండారు."

తర్వాత నేను వేలు పెట్టాను. మిషన్ క్షణంలో గుర్తుపట్టింది. మా నాయన నా ఖాతాలో వేసిన రెండు వేల రూపాయలు చేతికొచ్చాయి. అందులో ఐదొందలు ఆమెకు ఇవ్వబోయాను.

"నా దుడ్లు బ్యాంకులో ఉండంగా నీ దుడ్లెందుకు నాయనా?" అని ఖాళీ చేతులతో ఆసుపత్రి వైపు వెళ్ళిపోయింది.

బీటెక్ అయ్యి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్నాను కాబట్టి నా గీతలు భద్రంగా ఉన్నాయి. పని చేసేవాళ్ళను చూసి 'ఎవరో తెలియదు' అనే ఈ మిషన్‌ను ఏమనాలో మీరే చెప్పండి.