తీసెయ్యమంటే తీసేసిన అక్క

నా చిన్నప్పుడు నాందేడ్‌లో కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్లాలంటే గుమ్మం బయటే చెప్పులు విడవాలి. మా పక్కింటి అక్క కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివేది. పిల్లలతో ఏదో ప్రయోగం చేయాలని, మా అమ్మను అడిగి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. నన్నెవరూ అడగలేదు. ఆ రోజుల్లో పిల్లల్ని అడిగేదెవరు!

తెర మీద బొమ్మలు వస్తాయి, జత కుదిరేదాన్ని చూసి మీట నొక్కాలి. నేనేది నొక్కినా తప్పు, తప్పు, తప్పు. అసలే మరాఠీ బడిలో చదివే తెలుగు పిల్లను, మొద్దు అని పేరు పడినదాన్ని. ఆ పేరు కంప్యూటర్ కూడా ఖాయం చేసిందనుకుని బావురుమన్నాను.

అక్క గబగబా వచ్చి పక్కన కూర్చుంది. "తప్పులు నీయి కావు బిడ్డా. నువ్వేది నొక్కినా తప్పే రావాలని నేనే పెట్టిన. ఓడిపోతున్నా పిల్లలు ఎంతసేపు ఆడుతరో చూద్దామని. నన్ను మాఫ్ చెయ్యి" అంది. కళ్లు తుడిచి ఇంకో మాట అడిగింది. "నీ జవాబులు ఉంచాల్నా, తీసెయ్యాల్నా? నువ్వెట్లంటే అట్ల."

నాకేమో ముక్కు మీద కోపం. తీసెయ్యమన్నాను.

అక్క ముఖం చిన్నబోయింది. ప్రయోగానికి పిల్లలు దొరక్క ఆమె చదువు అక్కడే ఆగిపోయేలా ఉంది. వెనక నిలబడ్డ వాళ్ల సారు, చిన్నపిల్లకేం తెలుస్తుంది, ఉంచెయ్యమని మరాఠీలో గొణిగారు. అడిగాక తన మాట వినాలి కదా సార్ అని అక్క కూడా మరాఠీలోనే చెప్పి, నేను చూస్తుండగానే అన్నీ తీసేసింది. నా మాట పెద్దవాళ్లెవరైనా విన్నది అదే మొదటిసారి. కోపం ఎటు పోయిందో ఏమో!

మర్నాడు గల్లీ పిల్లలందర్నీ పోగేశాను. ఆటలో మర్మం బయటపెట్టొద్దని అక్క ముందే నా దగ్గర మాట తీసుకుంది, నేనూ బయటపెట్టలేదు. "నచ్చకుంటే చెప్పున్రి, తీసేస్తది. నేను కండ్లార చూసిన" అన్నాను, అంతే. అందరూ వచ్చారు. కిరాణా కొట్టువాళ్ల పిల్లాడొకడు తీసెయ్యమన్నాడు కూడా. తీసేసింది. మిగతావాళ్లతో అక్క చదువు గట్టెక్కింది.

ఇప్పుడు నా తల నెరిసింది. పిల్లలతో ప్రయోగాలు చేసే అలాంటి గదే నేనూ నడుపుతున్నాను. అక్క దగ్గర నేర్చుకున్నది ఒక్కటే, అడిగితే జవాబు వినాలి. పిల్లలు తీసెయ్యమంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. మొన్న ముఖేడ్ నుంచి వచ్చిన ఓ పాప అలాగే అంది. "నిజంగ తీసేస్తరా మేడం?" అని అనుమానంగా చూసింది.

"తీసేసే మీట నువ్వే నొక్కు బిడ్డా" అని కుర్చీలోంచి లేచాను.