రూలమ్మ డాక్టరేటు

అట్టపెట్టెల కంపెనీలో హెచ్.ఆర్. మేనేజరుకు పనివాళ్ళు పెట్టుకున్న పేరు రూలమ్మ. ఎదురుపడితే మేడమ్, వెనక్కి తిరిగితే రూలమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కోపం తెచ్చుకునే ఓపికే లేదు. పగలంతా సెలవులూ తగువులూ, ఇంటికెళ్తే వంట, అదయ్యాక మానవ వనరుల నిర్వహణలో పీహెచ్‌డీ. అదేం చదువో గానీ, జిడ్డులా పట్టుకుని వదలదే! మొదటి గైడు రిటైరయ్యాడు. ఆయన సరేనన్నదేదీ రెండో గైడుకు నచ్చక కథ మళ్ళీ మొదటికొచ్చింది.

"నువ్వు మొదలుపెట్టినప్పుడు నా మనవరాలు ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడది ఎక్కాలు అప్పజెబుతోంది," అని అత్తగారు దెప్పేది.

"దానికి గైడు లేడుగా అత్తయ్యా, అందుకే గబగబా ఎక్కాల దాకా వచ్చేసింది," అని కోడలు కూర కలుపుతూనే అలసటతో కళ్ళు మూసుకునేది.

ఆవిడ పరిశోధన సారమంతా ఒక్కటే: రూలు అందరికీ ఒకటైతేనే పనివాడికి కంపెనీ మీద నమ్మకం. నెలాఖరు వారంలో సరుకు లారీలకెక్కాలి కాబట్టి ఆ వారం ఎవరికీ సెలవు లేదని రూలు పెట్టిందీ ఆవిడే. అట్టలు అతికించే సెక్షన్లో ఒకామె, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు కట్టింది. లెక్కల పరీక్ష సరిగ్గా ఆ వారమే పడింది.

"ఒక్క పూట చాలు మేడమ్. మిగతావన్నీ రాసేశాను."

"నీకిస్తే రేపు పదిమంది అడుగుతారు. వచ్చే ఏడాది రాసుకో అమ్మా."

ఆమె తిరిగి పనిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి నెలలో గైడు ఫోన్ చేశాడు. "వైవా ఈ నెలాఖరు గురువారం. బయటినుంచి వచ్చే ప్రొఫెసరుగారికి ఆ రోజే వీలు. ఇది దాటితే మీ గడువు అయిపోతుంది, తర్వాత నన్ననకండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరవుతుందంటే ఎవరికైనా మనసు ఒప్పుతుందా? సెలవు అడిగిందీ ఆవిడే, ఇచ్చిందీ ఆవిడే.

వైవాలో ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు. "మీ కంపెనీలో నెలాఖరు వారం సెలవు లేదనే రూలుందని రాశారుగా, దాన్ని ఇప్పటిదాకా ఎవరైనా దాటారా?"

లేదనొచ్చు. ఎవరూ వెళ్ళి విచారించబోరు. కానీ అబద్ధం అల్లడానికీ ఓపిక కావాలిగా.

"ఒక్కరే దాటారండి. నేను. ఈ రోజే."

గైడు తల పట్టుకున్నాడు. ప్రొఫెసరుగారు మాత్రం, "నిజం చెప్పారు, సంతోషం. ఆ మాట కూడా థీసిస్‌లో రాయండి," అని డాక్టరేటు ఇవ్వొచ్చని సంతకం పెట్టారు.

మర్నాడు రూలమ్మ సరాసరి అతికించే సెక్షన్‌కు వెళ్ళింది. పదో తరగతి కట్టినామె పక్కన నిలబడింది. "పరీక్షలకు సెలవు ఇక ఏ వారమైనా ఇస్తాం. రూలు మార్చాను. వచ్చేసారి నువ్వు రాయి. పోయిన నెల నీకివ్వకపోవడం నా తప్పే."

"ఇంకెక్కడి పరీక్షలండీ! పుస్తకాలు పక్కింటి పిల్లకిచ్చేశాను." ఆమె చేతిలో బ్రష్షు ఆగలేదు. "మీకొచ్చిందటగా, సంతోషం. కాస్త పక్కకు జరగండి మేడమ్, జిగురు ఆరిపోతోంది."