జిలియన్ తలుపు

ఎనిడ్ టాన్స్లీ ఇంటిని మా ఊళ్ళో అందరూ బస్ షెల్టర్ అనేవాళ్ళు. మా రెల్లుకప్పుల ఇళ్ళ మధ్య దానికొక్కదానికే చదునైన కప్పు, నేల నుంచి పైదాకా అద్దాల గోడలు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఆమె మొగుడు డెరెక్ సొంతంగా ప్లాను గీసుకుని కట్టించాడు. కుక్కను తిప్పుతూ ఆ దారిన పోయే ప్రతివాడికీ వాళ్ళు ఆ పూట ఏం తింటున్నారో తెలిసిపోయేది. ఎదురింటిదాన్ని కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువే తెలిసేది.

డెరెక్ మంచివాడే, కానీ తన మాట తనకే ముద్దు. ప్రేమగా ఉండే కుటుంబానికి గదులెందుకు, తలుపులెందుకు అనేవాడు. వీధి తలుపు, స్నానాల గది తలుపు తప్ప ఆ ఇంట్లో మరొకటి లేదు. పొయ్యి, సోఫాలు, పడకలు అన్నీ ఒకే హాల్లో. మధ్యమధ్య పుస్తకాల అరలు.

కూతురు జిలియన్‌కి పదహారేళ్ళు వచ్చాయి. తన మూలకి ఒక తలుపు పెట్టించమని తండ్రిని బతిమాలింది. మా దగ్గర దాచుకోవలసిందేముంది నీకు అని ఆయన నవ్వేశాడు. ఎనిడ్ పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. ఏడవాలన్నా, ఊరికే కూర్చోవాలన్నా ఆ పిల్లకి క్రికెట్ మైదానంలో ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే చెక్క గదే దిక్కయింది. దానికి తలుపుంది, లోపల గడియ ఉంది. అరవై మూడు చలికాలంలో ఊరంతా మంచులో కూరుకుపోయినప్పుడు కూడా అక్కడికే వెళ్ళేది. ఊపిరితిత్తులకి చలి పట్టి వారంలో పోయింది.

ఆ తర్వాత ఎనిడ్ చర్చిలో పూలు సర్దింది, జామ్ పోటీల్లో రెండో బహుమతి తెచ్చుకుంది, డెరెక్ చొక్కాలు ఇస్త్రీ చేసింది. తలుపు మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

డెరెక్ కూడా పోయాక చప్పుడు మొదలైంది. ఇంట్లో ఎవరో తలుపు వేసుకుంటున్నారని ఎనిడ్ మా వంటింట్లో కూర్చుని చెప్పింది. నీ ఇంట్లో తలుపులెక్కడివి తల్లీ, చలికి చెక్క బిగుసుకుంటోంది అని కొట్టిపారేశాను. ఆమె వాదించలేదు. వచ్చి వినమంది.

వెళ్ళాను. మధ్యాహ్నం, బయట సన్నగా వాన. బిస్కెట్ కొరుకుతుండగా జిలియన్ మూల నుంచి తలుపు చప్పుడు వినిపించింది. విసురుగా కాదు, పెద్దవాళ్ళకి వినపడకూడదని మెల్లగా దగ్గరికి లాగి వేసుకున్నట్టు. అక్కడ పుస్తకాల అర, కిటికీ అద్దం తప్ప ఏమీ లేవు. నేను కొరికిన బిస్కెట్ పళ్ళెంలో పడేసి లేచి నిలబడ్డాను. ఎనిడ్ ముఖంలో మాత్రం భయమన్నది లేదు. ఇన్నేళ్ళలో ఆమెను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

"అది ఇంకా అడుగుతూనే ఉంది," అంది. "ఈసారి పెట్టిస్తాను."

వద్దన్నాను. చర్చి పాస్టరుతో ఒక మాట మాట్లాడమన్నాను. వింటేనా! వడ్రంగిని పిలిచి ఆ మూలకి చెక్క అడ్డుగోడ, తెల్ల తలుపు పెట్టించి, కిటికీ అద్దానికి మందపాటి తెర కట్టించింది. గడియ లోపలివైపే ఉండాలంది. ఎవరూ పడుకోని గదికి లోపలి గడియేమిటని అతను పబ్బులో అందరి ముందూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండి, నీ బీరు నువ్వు తాగి నోరు మూసుకో అన్నాను.

ఆ రోజు నుంచి చప్పుడు ఆగిపోయింది. పీడ వదిలిందని నేను సంబరపడ్డాను. ఎనిడ్ మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది.

ఒక ఉదయం గుడ్లు ఇవ్వడానికి వెళ్తే, టీ కప్పు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడి ఉంది. మెల్లగా తట్టింది, ఆగింది, మళ్ళీ తట్టింది. టీ మీద మీగడ కట్టేసింది. ఎప్పటినుంచి నిలబడిందో.

"లోపలికి వెళ్ళవేం, ఎనిడ్?"

"అది రమ్మనలేదు కదా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లోపల ఎవరూ లేరని ఒక్కసారి చూపిస్తే ఈ పిచ్చి వదులుతుందని తలుపు పిడి మీద చెయ్యి వేశాను. ఎనిడ్ నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతుల్లో అంత బలం ఉందనుకోలేదు.

"ముట్టుకోకు. దానికి ఎవరూ తొంగిచూడని చోటు ఇదొక్కటే. నన్ను క్షమించిన రోజు అదే తీస్తుంది."

నేను చెయ్యి తీసేశాను. ఎనిడ్ చల్లారిన టీ పారబోసి, కూతురి కోసం మళ్ళీ నీళ్ళు పెట్టింది.