రాణి తొట్టెల

1998. మాదాపూర్‌లో రాళ్ల గుట్టల మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. పొద్దున్నే మంచూ సిమెంటు దుమ్మూ కలిసి తేలుతుంటే, ఆ భవనాలు నేల మీద ఉన్నాయో గాలిలో ఉన్నాయో తెలిసేది కాదు. అక్కడే ఒక అద్దె గదిలో నా పశువైద్యశాల.

ఒకరోజు సైటు దగ్గర చాయ్ అమ్మే అంజమ్మ తట్టలో ముసలి పిల్లిని తెచ్చింది. నుదుట కుంకుమ, మెడకు దారంతో కట్టిన ఆకుపచ్చ గాజులు, ఇంత పొట్ట.

"సారూ, మా రాణికి నెలలు నిండినయి. కాన్పు అయితలేదు. సైటు ఆడోళ్లమంతా కలిసి సీమంతం గూడ చేసినం."

పొట్ట తడిమాను. పిల్లలు లేవు.

"సీమంతానికి ముందు నాకు చూపించాలని ఒక్కరికీ తోచలేదా?" అని కసిరాను.

స్కానింగ్‌లో తేలింది, రెండు కిడ్నీల చుట్టూ నీరు చేరిన సంచులని. వాటిని సూడోసిస్టులంటాం. సూదితో నీరు తీస్తే పొట్ట తగ్గింది. నెల తిరక్కముందే మళ్లీ నిండింది.

"గిట్ల ఎన్నిసార్లు గుచ్చుతరు? పక్కా ఇలాజ్ లేదా?" అంది అంజమ్మ.

"ఆపరేషన్ ఉంది. సంచి గోడ కోసేస్తే, ఊరే నీరు నిలవకుండా ఒంట్లోనే ఇంకిపోతుంది. కానీ కిడ్నీలు ఎప్పుడో దెబ్బతిన్నాయి, అవి బాగుపడవు. మత్తులోంచి లేవకపోవచ్చు కూడా."

"ఇది నా పక్కల ముడుసుకొని పంటది సారూ. పొట్ట వచ్చినకాంచి ముడుసుకోనీకి వస్తలేదు. రాత్రంత కూసునే ఉంటది. నేనూ కూసుంటున్న. ఉన్నన్ని దినాలు నిమ్మళంగ పండుకుంటే సాలు."

ఆపరేషన్‌కు ముందు రాణి మెడలోని గాజులు విప్పి ఆమె చేతిలో పెట్టాను. పొట్ట తెరిస్తే పల్చటి సంచి, లోపల పొగమంచులో దుర్గం చెరువు బండరాయిలా కిడ్నీ. ఇంత అందమైన జబ్బును నేనెప్పుడూ చూడలేదు. రెండువైపులా గోడలు కోసి తీశాను. సాయంత్రపు ఎండ బల్ల మీదికి పాకేసరికి రాణి చెవి కదిలింది. అమ్మయ్య అనుకున్నాను.

కుట్లు విప్పిన వారానికి అంజమ్మ పిలవడానికొచ్చింది. "రేపు తొట్టెల సారూ. రావాలె."

"ఎవరి బిడ్డకు?"

"మా రాణికే. సీమంతం చేసి తొట్టెల చెయ్యకుంటే ఎట్ల?"

రక్తపరీక్షలో కిడ్నీలు ఏమీ బాగుపడలేదని తేలింది, అది చెప్పాలనే వెళ్లాను. రేకుల షెడ్డులో చీరతో కట్టిన ఉయ్యాల, చుట్టూ ఆడవాళ్ల లాలిపాట. తొంగి చూశాను. రాణి తోకలో ముక్కు దాచుకుని గుండ్రంగా ముడుచుకుంది. పక్కనే గోడకు ఆనుకుని, అంత పాటలోనూ, అంజమ్మ నిద్రపోతోంది.

వైద్యం దేనికోసమో ముందు పెంచినవాళ్లను అడగాలని ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. ఆమెను లేపలేదు. ఉయ్యాల ఒక్క ఊపు ఊపి వచ్చేశాను.