సున్నపు గీత

మా రెండో అమ్మాయి నందిగామ ఆడపిల్లల కాలేజీలో డ్రిల్లు మేడమ్‌గా చేసింది. డ్రిల్లంటే ఎండలో వరసగా నిలబెట్టి చేతులు ఊపించడమే అనుకున్నాను నేను. ఆమె వాళ్ళ చేత ఫుట్‌బాల్ ఆడించింది. పదకొండు మంది ఆడపిల్లలు ఒక బంతి వెనకాల పరిగెత్తడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. మొదట్లో నవ్వారు, తరవాత తిట్టారు, ఆ తరవాత గోడెక్కి చూశారు. ఆ ఆట ఎలా ఆగిపోయిందో రాద్దామని కూర్చున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులు దొర్లితే మనవరాలు దిద్దుతానంది. అక్షరం తప్పులు దిద్దమన్నాను. మిగతావి దిద్దే పని లేదు.

జగ్గయ్యపేటలో మాకు సున్నం బట్టీ ఉండేది. ఆయన పోయాక నేనే నడిపాను. రాయి ఎంతసేపు కాలాలో, ఎప్పుడు నీళ్ళు చల్లి చల్లార్చాలో, చల్లార్చిన రాయి ఎప్పుడు విచ్చుకుని పిండి అవుతుందో బట్టీ పొగ చూసి చెప్పేదాన్ని. మా ఇంట్లో ఏదీ పారేసేవాళ్ళం కాదు. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి, చిరిగిన చీర బొంతకి, బొంత చిరిగితే మసిగుడ్డకి. పిల్లలు పళ్ళెంలో మెతుకు వదిలితే మళ్ళీ పూట అదే పళ్ళెం ముందు పెట్టేదాన్ని. అలా పెంచినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. విచారం ఇంకొకటి ఉంది.

పెద్దది చెప్పిన మాట వినేది. రెండోది నా మాట ఒక్కటీ వినలేదు. పదోతరగతి చాలన్నాను, డిగ్రీ చదివింది. వ్యాయామం చదువు ఏమిటే అన్నాను, హైదరాబాదు వెళ్ళి అదే చదివింది. పెళ్ళి చేసుకోమన్నాను. "చేసుకుంటాలే అమ్మా, ముందు వీళ్ళకి బంతి తన్నడం రానీ" అంది. నందిగామలో మునేటి వైపు ఒక గది తీసుకుని ఉండేది. ఆదివారం ఆదివారం బస్సెక్కి పేటకి వచ్చేది, మోకాళ్ళ దాకా దుమ్ముతో.

ఆ కాలేజీకి వచ్చే పిల్లలందరూ పల్లెటూళ్ళవాళ్ళు. కంచికచర్ల, వీరులపాడు వైపు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. ఓణీలు బొడ్లో దోపుకుని, చెప్పుల్లేకుండా ఆడేవారు. మొదటి ఏడాది విజయవాడ వెళితే అవతలి పిల్లలు బూట్లేసుకుని వచ్చారట. ఎన్ని గోల్సు పడ్డాయే అని అడిగితే, "లెక్కపెట్టే ఆవిడ కూడా జాలిపడి మానేసింది" అని నవ్వింది మా అమ్మాయి. ఓడి వచ్చి నవ్వే మనిషిని నేను అప్పుడే చూశాను.

తండ్రులు ఒప్పుకోకపోతే ఇంటింటికీ తిరిగింది. ఒక రైతు అన్నాడట, "ఆడపిల్ల అందరి ముందూ వంగి బంతి తియ్యడం ఏం బాగుంటుందండీ" అని. "మీ మిరపచేలో రోజంతా వంగే ఉంటది గదండీ. మీ మిరపకాయకి వంగిన నడుం నా బంతికి వంగితే తప్పా" అందట. ఆయన భార్య లోపల్నించి, "పంపించండి, మేడమ్ చెప్పింది నిజమేగా" అందట.

గోలు దగ్గర నిలబడే పిల్లని మాత్రం బస్టాండులో పట్టుకుంది. వీరులపాడు సాయిబుల అమ్మాయి, లారీ డ్రైవరు కూతురు. బస్సు టాపు మీంచి మూటలు విసురుతుంటే ఆ పిల్ల కింద నిలబడి ఒక్కటీ నేల పడకుండా పడుతోందట. మా అమ్మాయి అక్కడే అడిగింది, "ఏమ్మా, బంతి పడతావా?" అని. "మూట కన్నా బరువుంటదాండీ?" అందట ఆ పిల్ల. పొడుగు పిల్ల, సన్నం, నోరు మాత్రం ఊరుకోదు. రెండు మూడుసార్లు మా ఇంటికి వచ్చింది. నన్ను అమ్మగారూ అనేది. పళ్ళెంలో మెతుకు వదిలేది కాదు. అందుకే నాకు నచ్చింది.

మూడో ఏడు గెలిచినంత పని చేశారు. నాలుగో ఏడు జోనల్ పోటీల్లో కప్పు తెచ్చారు. మా అమ్మాయి దాన్ని కాలేజీలో ఇచ్చే ముందు నాకు చూపించాలని చీరకొంగులో చుట్టుకుని బస్సులో తెచ్చింది.

"ఇందులో ఏం పోస్తారే?" అన్నాను.

"ఏం పొయ్యరమ్మా."

"మరెందుకు?"

"చూసుకోడానికి."

చూసుకోడానికైతే మెరవాలి కదా అని తెల్లారి నేను చింతపండు పెట్టి తోమాను. పైన పూత ఒక పక్క లేచి వచ్చింది. నేను తిడుతుందనుకున్నాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పూత పోయిన పక్కని గోడ వైపు తిప్పి ప్రిన్సిపాల్ గదిలో పెట్టారట. మరుసటేడు ఇంకో కప్పు వచ్చింది. దాన్ని నేను ముట్టుకోలేదు.

ఆ పై సంవత్సరం పెద్ద పోటీల ఆఖరి ఆట నందిగామలోనే పెట్టారు. కాలేజీ కమిటీ వాళ్ళు అప్పటికి రెండేళ్ళుగా మా అమ్మాయి ఉద్యోగం ఖాయం చెయ్యకుండా నాన్చుతున్నారు. ఈ కప్పు వస్తే ఉద్యోగమూ ఖాయం, పిల్లల ఆటా ఉంటుంది, రాకపోతే ఆట తీసేసి కుట్లూ అల్లికలూ పెడతామన్నారు. మా అమ్మాయి ఆ ఆదివారం వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"అమ్మా, గ్రౌండుకి గీతలు గియ్యాలి. మన బట్టీలోది రెండు బస్తాలు కావాలే. చల్లార్చి జల్లించింది."

అది నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నాకు సంతోషమైంది. నేనే తీసుకొస్తానన్నాను.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. జల్లించిన సున్నం ఉంది. కానీ రెండు వైపులవాళ్ళూ ఇరవై ఇద్దరు తొక్కి పోయేదానికి మంచి సున్నం దేనికని నాకు అనిపించింది. బట్టీ అడుగున ఊడ్చిన పొడి కుప్పగా పడి ఉంది. కాలిన రాయి పొడే, ఇంకా నీళ్ళు తగల్లేదు. అమ్మకానికి పనికిరాదు, పారెయ్యడానికి నాకు చెయ్యి రాదు. పొడిగా ఉంటే గీత తెల్లగా నిలబడుతుంది కూడాను. అదే రెండు బస్తాలకి ఎత్తించి బస్సు మీద వేయించాను.

నందిగామలో బస్తాలు దించాక మా అమ్మాయి ఒకటే మాట అడిగింది. "చల్లార్చిందేనా అమ్మా?"

"సున్నం సంగతి నాకు చెబుతున్నావా?" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. అది ఇంకేమీ అడగలేదు.

గీతలు పిల్లలే వేశారు. తాడు పట్టుకుని, ముగ్గు వేసినట్టు వేళ్ళ సందుల్లోంచి పొడి జారుస్తూ, వంకర పోకుండా వేశారు. వేస్తూ ఒక పిల్ల, "చేతులు మండుతున్నయ్ అమ్మగారూ" అంది. "మిరపకాయలు కోసే చేతులకి ఇదొక మంటా, కొబ్బరినూనె రాసుకో" అన్నాను. అందరూ నవ్వారు. గోలు దగ్గర పిల్ల, "నేను చెయ్యి పెట్టనండీ, నా చేతులు రేపు పనికి రావాలి" అని గట్టు మీద కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆట. నేను అంతకుముందు ఒక్కటీ చూడలేదు. గోలు వెనక చెట్టు నీడన పీట వేసుకుని కూర్చున్నాను. నాకు ఆట తెలియదు. మా అమ్మాయి అవతలి అంచున అటూ ఇటూ నడుస్తోంది. నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని అరుస్తుంటే, మా బట్టీలో కూలీల మీద నేను అరిచినట్టే ఉంది. ఇరువైపులా ఒక్కొక్క గోలు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా అవతలి పిల్ల ఒకతి బంతి తీసుకుని ఒంటరిగా వచ్చేసింది. కొట్టింది. మా పిల్ల ఎడమ పక్కకి ఎగిరి పడింది. గీత మీద బోర్లా పడింది. తెల్లగా పొడి లేచింది.

మొదట అందరూ బంతి గురించి అరిచారు. ఆ పిల్ల లేవలేదు. ఎడమ కన్ను మూసుకుని మోకాళ్ళ మీద ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ముఖమంతా చెమట, చెమట మీద సున్నం.

మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. గట్టు మీద పిల్లలు తాగే నీళ్ళ బిందె ఉంది, దాన్ని రెండు చేతులా ఎత్తింది. వంచబోయింది.

"నీళ్ళు పొయ్యొద్దు" అని నేను అరిచాను. "అది పచ్చి సున్నం. నీళ్ళు తగిలితే ఉడుకుద్ది. కన్ను ఉడికిపోద్ది."

మా బట్టీలో అందరికీ తెలిసిన సంగతి అది. కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి పొగలొస్తుంది. మా కూలీలకి కంట్లో పడితే పొడిగుడ్డతో తుడిచి ఆముదం చుక్క వేసేవాళ్ళం. ఇరవై ఏళ్ళు అదే చేశాను.

మా అమ్మాయి బిందె ఎత్తి పట్టుకుని నా వంక చూసింది. "మేడమ్, నీళ్ళండీ" అంటోంది ఆ పిల్ల. చదువు విషయంలో, ఉద్యోగం విషయంలో, పెళ్ళి విషయంలో నా మాట వినని కూతురు ఆ ఒక్కసారి విన్నది. బిందె కింద పెట్టింది. నేను నా కొంగుతో ఆ పిల్ల కన్ను తుడిచాను. ఎవరో ఆముదం తెచ్చారు, వేశాను. కారు దొరికి విజయవాడ చేరేసరికి చాలాసేపు పట్టింది.

అక్కడ కంటి డాక్టరు చిన్నవాడు. ఓపిగ్గానే మాట్లాడాడు. "పడగానే బిందెలకి బిందెలు నీళ్ళు కుమ్మరించాల్సిందండీ. కడుగుతూనే ఉండాలి. కన్ను దక్కేదేమో. నీళ్ళు లేవా అక్కడ?"

"ఉన్నయ్యండి" అంది మా అమ్మాయి. అంతే అంది.

ఆ పిల్ల ఎడమ కన్ను పోయింది. మా పిల్లలు మళ్ళీ మైదానంలోకి దిగలేదని కప్పు అవతలివాళ్ళకి ఇచ్చేశారు. కమిటీ వాళ్ళు పిలిపించి అడిగారు. నేనూ వెళ్ళాను. సున్నం ఎక్కడిది, నీళ్ళు ఎందుకు పొయ్యలేదు అన్నారు. "సున్నం నేనే తెప్పించానండి. నీళ్ళు నేనే పొయ్యలేదు" అంది మా అమ్మాయి. రెండూ నిజమే. ఆ రెండు నిజాల పక్కన నేను కుర్చీలో కూర్చుని నోరు మెదపలేదు. బట్టీకి చెడ్డపేరు వస్తుందని భయపడ్డాను. సిగ్గుతో కాదు, దుఃఖంతో కాదు. అందుకని.

పిల్లల్ని వాళ్ళ వాళ్ళు ఆట మాన్పించారు. కుట్లూ అల్లికలూ వచ్చాయి. మా అమ్మాయిని తీసెయ్యలేదు గానీ హాస్టలు చూసుకోమన్నారు. గోనెసంచిలో వేసిన బంతులు ఆమె గదిలో మంచం కింద ఉండేవి. గాలి పోయి చప్పబడ్డాయి. ఆమె ఆట మాట ఎత్తలేదు. నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. ఆదివారాలు వచ్చేది, తినేది, పళ్ళెం కడిగేది, వెళ్ళేది.

నాలుగైదేళ్ళు గడిచాక, బట్టీ అమ్మేశాక, నేను ఒంటరిగా వీరులపాడు వెళ్ళాను. ఆ పిల్ల వరండాలో మిషను కుడుతోంది. నన్ను చూసి లేచింది.

"మామ్మగారా, రండి" అంది. వెనక అమ్మగారు అనేది. నేను ముసలిదాన్నయ్యానని అలా తెలిసింది.

మంచినీళ్ళిచ్చింది. తాగలేకపోయాను. మిషను వంక చూసి, "కంటికి శ్రమ కాదా?" అన్నాను.

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు అందరూ ఒక కన్ను మూసుకుంటారు గదండీ. నాకా పని తప్పింది" అంది. నేను నవ్వలేదని తనే నవ్వింది.

అప్పుడు చెప్పాను. బట్టీ అడుగు పొడి సంగతి, నీళ్ళు వద్దన్న సంగతి. మా అమ్మాయి తప్పు లేదని చెప్పాను. ఆ పిల్ల గుడ్డ మడత పెడుతూ విన్నది.

"పొడి సంగతి తెలవదండీ. నీళ్ళ సంగతి తెలుసు. ఇంకో కన్ను బాగానే ఉంది గదా, చూస్తానే ఉన్నా. మేడమ్ బిందె ఎత్తారు. మీరు వద్దన్నారు." మడత పెట్టిన గుడ్డ మిషను మీద పెట్టింది. "మా అమ్మయినా అదే అనేదేమోనండీ" అంది. తరవాత నా వైపు తిరిగి అడిగింది, "అది సరే గానీ మామ్మగారూ, బంతి లోపలికి పోయిందా, ఆగిందా? నన్నడిగితే ఆపానంటా. ఎవరూ చెప్పలేదు. గీత చెరిగిపోయిందిగా."

నేను గోలు వెనకే కూర్చున్నాను. ఆట తెలియదు గానీ కళ్ళున్నాయి. "ఆగింది" అన్నాను. "నీ చేతి కింద ఉంది, గీత దాటలేదు. నేను చూశాను." నేను ఓదార్పుకి చెప్పే మనిషిని కానని ఆ పిల్లకి తెలుసు. తల ఊపి మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

ఆ ఆదివారం మా అమ్మాయికి అన్నం పెడుతూ చెప్పాను. వీరులపాడు వెళ్ళానని, అంతా చెప్పేశానని. అది తింటూనే ఉంది. బంతి ఆగిందని కూడా చెప్పాను, నేను చూశానన్నాను.

తినే చెయ్యి ఆగింది. "ఏ చేత్తో ఆపింది?" అంది.

"కుడి చెయ్యి."

"ఎడం పక్కకి పడేటప్పుడు ఎడం చెయ్యి ముందు పెట్టమని ఎన్నిసార్లు చెప్పానో. ఎడం చెయ్యైతే మొహం పైకి తిరిగేది." పళ్ళెంలోకి చూస్తూ అంది. "ఇంకో నెల నేర్పించి ఉండాల్సింది."

అన్నాళ్ళూ నా తప్పని మోసుకు తిరిగిన నేను, అది దాని లెక్కలో దాని తప్పుగానే ఉందని చూశాను. కాదే అందామనుకున్నాను. ఆ పూట అది పళ్ళెంలో అన్నం వదిలేసి లేచింది. ఆ పళ్ళెం నేను మళ్ళీ దాని ముందు పెట్టలేదు.