మేస్త్రి గారి నాలుక

మా వంట మేస్త్రికి నాలుక చచ్చిపోయి మూడేళ్ళయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆయన, ఆయన కూతురు, నేను. నాకెవరూ చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నదాన్ని, నాకు ఒకరు చెప్పాలా?

మాది యాత్రల కంపెనీలో వంటపని. కంపెనీ నలభై మందిని విమానమెక్కించి, పరాయి దేశం తీసుకెళ్ళి, పది రోజులు బస్సులో తిప్పుతుంది. వాళ్ళు కొండలూ వంతెనలూ చూసి మురిసిపోతారు గాని, తిండి దగ్గరికొచ్చేసరికి మన పప్పు, మన కూరే కావాలి. అందుకని వాళ్ళ వెనకే మమ్మల్నీ తీసుకెళ్తారు. దిగిన హోటల్లో నేల కింద ఉండే వంటగది ఒకటి మాకిస్తారు. నేను ఏడు దేశాలు తిరిగాను. ఏడింటిలోనూ కిటికీ లేని గదులే చూశాను.

మేస్త్రి చెయ్యి మంచిది, కాదంటే కళ్ళు పోతాయి. నోరే మంచిది కాదు. ఒకసారి ఆయనకు నడుం పట్టేస్తే నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర కలపబోయాను. "కత్తి పట్టుకున్నదానివి కత్తి పట్టుకో. గరిటె జోలికొచ్చావంటే చెయ్యి విరిచేస్తా" అన్నాడు, పదిమంది ముందు. వచ్చి నాకు ఆరేళ్ళయింది అప్పటికి. మరో అయిదేళ్ళు ఆ మాట నమిలాను, మింగలేదు.

ఆ మాటన్న రెండేళ్ళకి ఆయనకొక జ్వరం వచ్చింది. పోతూపోతూ రుచినీ వాసననీ పట్టుకుపోయింది. వంటవాడికి రుచి తెలియదంటే కంపెనీ మర్నాడే పొమ్మంటుంది. అందుకని ఎనిమిదో తరగతి చదువుతున్న కూతుర్ని బడి మాన్పించి, సహాయానికంటూ వెంటేసుకొచ్చాడు. తల్లి లేని పిల్ల, ఎవరు అడ్డుపడతారు?

అప్పటినుంచి మా వంటగదికి రెండు చట్టాలు. ఉప్పు ఆయనే వేస్తాడు. వేయగానే గిన్నె మీద చెక్క గరిటె అడ్డంగా పెడతాడు, ఉప్పు పడిందని గుర్తుకి. ఆ తర్వాత పిల్ల చెంచాతో రుచి చూసి "బాగుంది నాన్నా" అనాలి. ఆ మాట వినిపించేదాకా గిన్నె పొయ్యి దిగదు. వేలు కాలినా, జలుబు చేసినా ఆ పిల్ల చెప్పిన మాట ఒక్కసారి కూడా తప్పు పోలేదు. మేస్త్రిని మెచ్చుకుంటూ యాత్రికులు రాసిన ఉత్తరాలన్నీ నిజానికి ఆ పిల్ల నాలుకకు రావలసినవి.

పిల్లకు ఒకటే ఆశ, ఏదైనా ప్రైవేటు బడిలో చేరి పదో తరగతి పరీక్షకు కట్టడం. లెక్కల పుస్తకం ఉల్లిపాయల బస్తా వెనక దాచుకుని చదివేది. ఈ యాత్ర నుంచి తిరిగి వెళ్ళిన వారంలో పేరు రాయించుకోవాలి, అదే ఆఖరు గడువు. "ఈ ఒక్క ట్రిప్పూ రావే తల్లీ, వెళ్ళగానే చేర్పిస్తా" అని మాటిచ్చి తీసుకొచ్చాడు మేస్త్రి.

ఆరో రోజు పొద్దున మా మేనేజరు పాస్‌పోర్టు కాగితాలు తిరగేస్తూ కేక పెట్టాడు. "మేస్త్రీ! ఇవాళ మీ అమ్మాయి పుట్టినరోజు! పదహారు!" యాత్రలో ఎవరి పుట్టినరోజు వచ్చినా విందు చేసి ఫోటోలు తీయడం కంపెనీ అలవాటు. బస్సులో ముందు సీటు మామ్మగారు చప్పట్లు కొట్టింది. "పాపం, ఎప్పుడూ వంటగదిలోనే మగ్గుతోంది. ఇవాళ మాతో కూర్చుని తినాలి. మొదటి ముద్ద వాళ్ళ నాన్నే పెట్టాలి" అంది. అందరూ సరే అంటే సరే అన్నారు. జాలి పడటానికి ఖర్చేముంది?

పిల్ల మొహం వెలిగిపోయింది. ఒక గంటసేపే. కూరగాయల పెట్టెలు దింపుతుంటే అవతల మేస్త్రి మేనేజరుతో మాట్లాడటం మా ఇద్దరికీ వినబడింది.

"బాబూ, వచ్చే మూడు ట్రిప్పులకి కూడా మా పిల్ల పేరు రాసెయ్యండి."

"ఏదో చదువుకోవాలంటోందని విన్నాను?"

"దాని మొహం. దానికి చదువెందుకండీ!"

పిల్ల ఏడవలేదు. చేతిలో ఉన్న టమాటాల పెట్టె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మేడ మీదికి వెళ్ళింది. ఏడ్చి ఉంటే, పిల్ల అంతా విందని నేను మేస్త్రికి చెప్పేదాన్నేమో. ఏమో, చెప్పేదాన్ని కాదు.

మధ్యాహ్నానికి కోడికూర, పప్పు, వేపుడు, అన్నం. కూతురి పేరు మీద విందని మేస్త్రి కూడా ఆరోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని వండాడు. మసాలా తనే నూరాడు. కూరలో ఉప్పు వేసి, గరిటె అడ్డంగా పెట్టి, బల్లలు చూసి రావడానికి పైకెళ్ళాడు.

అప్పుడొచ్చింది పిల్ల. మామ్మగారి మనవరాలి పసుప్పచ్చ గౌను వేసుకుంది, జడ విప్పి ఎవరో క్లిప్పులు పెట్టారు. తిన్నగా పొయ్యి దగ్గరికెళ్ళి గిన్నె మీది గరిటె తీసింది. కుళాయి కింద కడిగి, గుడ్డతో తుడిచి, కొక్కేనికి తగిలించింది. వెళ్తూ నా వంక చూసింది. నేను ఉల్లిపాయ తరుగుతున్నాను, తరుగుతూనే ఉన్నాను.

మేస్త్రి దిగొచ్చి గిన్నె చూసి ఆగిపోయాడు.

"ఏమే, ఇందులో ఉప్పేశానా?"

"నన్నడుగుతారేంటి మేస్త్రీ? గరిటె జోలికి రావద్దన్నారుగా!" అన్నాను.

"పిల్లని పిలు."

"పుట్టినరోజు పిల్లని ఇవాళ కిందికి పంపనని మేనేజరుగారు అన్నారుగా."

ఆయన కాసేపు కొక్కెం వైపు చూశాడు. గరిటె కొక్కేనికి ఉందంటే ఉప్పు పడలేదని మూడేళ్ళ లెక్క. నలభై మందికి సరిపడా ఉప్పు మళ్ళీ తీసి వేశాడు. గిన్నె వెంటనే పైకెళ్ళాలని గరిటె కొక్కేనికే వదిలేశాడు. "పర్లేదు, మొదటి ముద్ద దానికేగా. అదే చెప్పేస్తుంది" అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

పైన హాల్లో బెలూన్లు కట్టారు. అందరి ముందూ కూర కలిపిన ముద్ద కూతురి నోట్లో పెట్టాడు మేస్త్రి. పెట్టి, రెప్ప వేయకుండా దాని నోటివైపే చూస్తున్నాడు. చూసినవాళ్ళు అది ప్రేమనుకుని ఉంటారు. పిల్ల నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ్మగారు "అయ్యో, ఆనందం!" అంది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా."

మేస్త్రి నిటారుగా నిలబడ్డాడు. "వడ్డించండి!" అన్నాడు, పెళ్ళికొడుకు తండ్రిలా.

మొదట ఉమ్మింది మామ్మగారే. తర్వాత బల్ల బల్లకీ దగ్గులు, వెనక్కి పడే కుర్చీలు, నీళ్ళ కోసం కేకలు. మేనేజరు ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. ఇంకో చెంచాడు తీసి మేస్త్రి నోటికి అందించాడు.

"మీరే తినండి. ఏమైందో చెప్పండి."

మేస్త్రి తిన్నాడు. తింటూ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే వెతికాడు. కారమా, పులుపా, మాడిందా, ఏమైంది? కూతురి మొహం దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఆ పిల్ల పళ్ళెంలోకి చూస్తోంది.

"ఉప్పు కాస్త తగ్గింది బాబూ" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వారు. పిల్లలు నవ్వారు, పెద్దలు నవ్వారు, మామ్మగారు నీళ్ళు తాగుతూ నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు దాచాలి, అందరికన్నా ఎక్కువసేపు నవ్వాను. మేనేజరు నవ్వలేదు. "ఎన్నాళ్ళనుంచి?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం చూడకుండా నావైపు తిరిగాడు. "రేపటినుంచి వంట నువ్వు చెయ్యి." హోటలువాళ్ళ రొట్టె, కేకుతో విందు గడిచిపోయింది. పిల్ల కేకు కోసింది, ఫోటోల్లో నిలబడింది.

గిన్నెలు కిందికి చేరేసరికి మేస్త్రి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెం నిండా అన్నం, అదే కూర. మామూలుగా తింటున్నాడు. కొక్కేనికున్న గరిటె వైపు చూస్తున్నాడు గాని, తీసిందెవరని నన్నడగలేదు.

పిల్ల ఆ పసుప్పచ్చ గౌనులోనే కిందికొచ్చింది.

"తినకు నాన్నా. ఉప్పు విషంలా ఉంది."

"బాగుందన్నావుగా."

ఆయన ముద్ద కలిపి చెయ్యి చాచాడు. "నోరు తెరు. పుట్టినరోజు కదా."

తెరిచింది. మింగింది. ఇంకోటి కలిపాడు. కోపం లేదు, విసురు లేదు, చిన్నపిల్లకు పెట్టినట్టే పెడుతున్నాడు. ముద్ద ముద్దకీ "ఎలా ఉంది?" అంటున్నాడు. ముద్ద ముద్దకీ ఆ పిల్ల "బాగుంది నాన్నా" అంటోంది. పెదవులు తెల్లబడిపోయాయి.

"నాన్నా, నేనింక బడికెళ్తాను" అంది, మధ్యలో ఒకసారి.

"వెళ్దువుగానిలే. ముందు తిను."

పిల్ల నావైపు తిరిగి చెయ్యి చాచింది. మంచినీళ్ళ చెంబు నా పక్కనే ఉంది. నేను లేచి, కొక్కెం మీంచి గరిటె తీసుకుని, రేపటికోసం కడగడం మొదలుపెట్టాను.